ఇంటి సంగతులు ఫోన్లో ఎందుకు పెడతారు? రాజోలు వైపు ఫొటో స్టూడియో వాడి జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండి. నాకు అర్థమైంది ముందు చెబుతాను, తేడా ఉంటే సరిచేయండి. మీది పాలకొల్లు దగ్గర పల్లెటూరు, ఉద్యోగం హైదరాబాదులో. నాన్నగారికి గుండెలో స్టెంట్ వేశారు. మీరు మందుల చీటీ పట్టుకుని కిందకి వెళ్ళొచ్చేలోపు అమ్మగారు ఆయన్ని మంచం మీద, ముక్కులో గొట్టంతో సహా ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టేశారు. అంతకుముందు మీ అక్కగారి సీమంతం, ఆ ముందు ఆవిడ స్కానింగ్ కాగితం. మీరు కేకలేశారు. ఆవిడ నాలుగు రోజులు మాట్లాడలేదు. "జనం సొంత సంగతులు ఇలా నడివీధిలో ఎందుకు పెడతారు? గొప్ప కోసమా, ఒంటరితనమా, తెలియకా? ఎలా మాన్పించాలి?" అని అడిగారు.

నాకు 1994 నుంచి రాజోలు వైపు ఫొటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళు, ఓణీలు, గృహప్రవేశాలు, దినాలు, అన్నీ తీశాను. రోలు కెమెరాతో మొదలెట్టి, ఫ్లెక్సీలు వేసి, ఇప్పుడు వాట్సాప్‌లో పంపుకునే కార్డులు చేస్తున్నాను. మధ్యలో దూరవిద్యలో సైకాలజీ పీజీ కట్టి పాసయ్యాను. మనుషులు తమ గురించి ఏది చూపించమంటారో, ఏది ఫొటోలో పడనివ్వద్దంటారో కౌంటరు ఇవతల నుంచి చూడటమే ఇన్నేళ్ళూ నా పని. అందుకని కొంచెం పెద్దగానే రాస్తున్నాను.

మీరు చెప్పిన మూడు కారణాల్లోనూ మీ అమ్మగారు నాకు కనబడలేదు.

మన వైపు ఇంట్లో మనిషి ఆసుపత్రిలో చేరితే మొదటి పని వైద్యం, రెండో పని కబురు. మేనత్తకి చెప్పి చిన్నాన్నకి చెప్పకపోతే ఏడాది పాటు దెప్పుతారు. "మేమేమన్నా పరాయివాళ్ళమా? ఎవరో అంటే తెలిసింది" అంటారు. ఆ "ఎవరో అంటే తెలిసింది" అన్న మాటకి భయపడని ఆడది మన జిల్లాల్లో లేదు. నా చిన్నప్పుడు కబురుకి సైకిలు మీద మనిషిని పంపేవారు. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు కోసం ఆగి, నరసాపురం దాటి, నాలుగు ఊళ్ళు తిరిగి పొద్దుపోయాక వచ్చేవాడు. వచ్చాక మా నాయనమ్మ అడిగే మొదటి ప్రశ్న, "అందరికీ ఒకేలా చెప్పావా? ఎవరికన్నా ముందూ వెనకా అయిందా?"

ఇప్పుడు మీ అమ్మగారి సంగతి చూడండి. భర్త లోపల ఉన్నాడు. కొడుకు మందులకి పోయాడు. అరవై డెబ్భై ఇళ్ళకి కబురు చెప్పాలి. ఒక్కో ఫోనూ పది నిమిషాలు, ప్రతిసారీ మొదటి నుంచి చెప్పాలి, ప్రతిసారీ ఏడవాలి. ఒక ఫొటో పెట్టింది. అందరికీ ఒక్క క్షణంలో, ఎవరికీ ముందూ వెనకా కాకుండా చేరింది. మీకు అది బజారున పడటంలా కనబడింది. ఆవిడకి అది సైకిలు మనిషి. మరి గొట్టంతో ఫొటో ఎందుకంటారా? ఉత్త మాటలతో రాస్తే "ఎలా ఉన్నాడు, ఎలా ఉన్నాడు" అని మళ్ళీ అరవై ఫోన్లు వస్తాయి. ఫొటో చూస్తే కళ్ళు తెరిచే ఉన్నాడని వాళ్ళకే తెలుస్తుంది.

ఇది మొదటిది. దీనికంటే బలమైనది ఇంకోటి ఉంది. దానికి మన దగ్గర మంచి మాటే ఉంది కానీ ఈ విషయంలో ఎవరూ వాడరు: చదివింపులు.

పెళ్ళి భోజనాల దగ్గర, పందిరి పక్కన బల్ల వేసుకుని ఒకాయన కూర్చుంటాడు. గీతల పుస్తకం, పళ్ళెం, మైకు. "ఫలానా ఊరు, ఫలానా వారు, నూట పదహార్లు" అని చదువుతాడు, పుస్తకంలో ఎక్కిస్తాడు. ఆ పుస్తకం పెళ్ళయ్యాక బీరువాలోకి వెళుతుంది. ఆ ఫలానా వారింట్లో పెళ్ళి వచ్చినప్పుడు మళ్ళీ బయటికి తీస్తారు. వాళ్ళు ఎంత చదివించారో చూసి, అంతకి కొంచెం కలిపి చదివిస్తారు. ఇచ్చింది డబ్బే అయినా లెక్క డబ్బుది కాదు. మీ ఇంట్లో శుభం జరిగినప్పుడు మేము వచ్చాం, మైకులో మా పేరు వినబడింది, ఇక మీరు మాకు బాకీ. ఈ పద్ధతి లోకమంతా ఏదో ఒక రూపంలో ఉంది. ఆల్విన్ గౌల్డ్‌నర్ అనే అమెరికన్ సామాజికవేత్త 1960లో దీని మీదే వ్యాసం రాశాడు: పుచ్చుకున్నదానికి తిరిగి ఇవ్వాలన్న కట్టుబాటు లేని సమాజం దాదాపుగా ఉండదని. మన బల్ల దగ్గర ఓ గంట కూర్చుని ఉంటే ఆయన వ్యాసం సగానికి తగ్గేదేమో.

ఫేస్‌బుక్‌లో లైకు బటన్ 2009లో వచ్చింది. వాట్సాప్‌లో ఫొటోల స్టేటస్ 2017లో. అంతకు ముందు ఏడాది సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకైంది కాబట్టి ఈ రెండోది మన ఊళ్ళల్లోకి నేరుగా ఆడవాళ్ళ చేతుల్లోకి వెళ్ళింది. స్టేటస్ కింద కన్ను గుర్తు ఉంటుంది చూడండి, దాన్ని నొక్కితే ఎవరు చూశారో, ఎన్నింటికి చూశారో పేర్లు వస్తాయి. నా దృష్టిలో ఆ కన్ను గుర్తే మొత్తం కథ.

కిందటేడు ఓ ఆవిడ పాస్‌పోర్ట్ సైజు ఫొటోలకి వచ్చింది. ప్రింటర్ వేడెక్కడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఈలోగా బెంచీ మీద కూర్చుని స్టేటస్ తెరిచింది. కూతురికి ఇంజనీరింగులో సీటొచ్చిందని పెట్టింది. కన్ను నొక్కి, బొటనవేలితో మెల్లగా కిందకి జరుపుతూ, పెదాలు కదుపుతూ ఒక్కో పేరూ చదువుకుంది. మధ్యలో ఒక పేరు దగ్గర వేలు ఆగింది. "చూడండి బాబూ, మా తోటికోడలు. పొద్దున్న ఎనిమిదీ పదికే చూసింది. ఒక్క మాట రాయలేదు. దండం గుర్తన్నా పెట్టలేదు." కాసేపాగి, "వాళ్ళబ్బాయికి వీసా వచ్చినప్పుడు నేను కేకు బొమ్మ పెట్టానండి, దీపాలు కూడా పెట్టాను" అంది. గీతల పుస్తకం ఆవిడ బుర్రలోనే ఉంది. పేరు, తేదీ, చదివించింది ఎంత, అన్నీ.

ఇది అర్థమైతే "ఎందుకు పెడతారు" అన్న ప్రశ్న సగం తిరగబడుతుంది. పెట్టడం ఒక ఎత్తు, పెట్టకపోతే ఏమవుతుందన్నది ఇంకో ఎత్తు. అందరి సీమంతాలకీ గుండె గుర్తులు పెట్టిన మనిషి తన కూతురి సీమంతం పెట్టకపోతే బంధువులు దాన్ని నెమ్మదితనం అనుకోరు. "మాది చూసింది, వాళ్ళది దాచింది" అంటారు. మీ అక్కగారి స్కానింగ్ కాగితం పెట్టడం నాకూ నచ్చలేదు, దాని సంగతి కింద చెబుతాను. కానీ ఆవిడ ఎందుకు పెట్టారో మాత్రం నాకు ఇబ్బంది లేకుండా తెలుస్తోంది. అన్నట్టు నాన్నగారి ఫొటో కింద వంద మందికి పైగా రాశారని మీరే చెప్పారు. అందులో మీ పేరు ఉందా అని అడగబోయి ఆగాను.

ఇక గొప్పల సంగతి. ఉంది, లేదనను. కానీ ఫోన్ తెచ్చిన జబ్బు అంటే ఒప్పుకోను. 1994లో నా స్టూడియోలో ఒక కోటు ఉండేది. ఒక్కటే. నల్లది, వెనక పిన్నులు పెట్టి బిగించేవాణ్ణి. మా చుట్టుపక్కల ఊళ్ళల్లో పెళ్ళిచూపులకి పంపిన ఫొటోలు తీసి చూస్తే సగం మంది మగాళ్ళు ఆ కోటులోనే ఉంటారు. వెనక తెర మీద తాజ్‌మహల్ బొమ్మ, చేతిలో తీగ లేని టెలిఫోన్ రిసీవరు. అర్వింగ్ గాఫ్‌మన్ అనే ఆయన 1950లలోనే రాశాడు, మనుషులు పదిమందిలో ఉన్నంతసేపూ వేదిక మీద ఉన్నట్టే ఉంటారని, తెర వెనక వేరేగా ఉంటారని. కోటు విప్పి చెమట తుడుచుకుంటూ "ఎంతండీ" అని అడిగే పెళ్ళికొడుకుని చూసినవాణ్ణి కాబట్టి ఆ పుస్తకం నాకు పాఠంలా అనిపించలేదు. సంక్రాంతికి కొత్తల్లుడి ముందు వందల రకాల వంటకాలు పరిచి వీడియో తీసే భీమవరం అత్తగార్లని టీవీలో చూసి నవ్వుతాం కదా, వాళ్ళూ ఆ కోటు వేసుకున్నవాళ్ళే. తిన్నది ఎంత అని ఎవరూ అడగరు.

ఒంటరితనం మాట కూడా ఒక్క ముక్కలో తేల్చేది కాదు. మా కోనసీమ నుంచి, మీ నరసాపురం వైపు నుంచి కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్ళిన ఆడవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. నాకు తెలిసిన ఒకావిడ కువైట్‌లో ఇంటి పనికి వెళ్ళింది. శుక్రవారం సెలవు దొరికితే చాలు, చీర కట్టుకుని పూలకుండీల పక్కన నిలబడి ఫొటో పెట్టేది. ఎవరి కుండీలో, ఎవరి మేడో. మిగతా ఆరు రోజులూ ఏమీ ఉండేది కాదు. ఇక్కడ వాళ్ళమ్మకి అక్షరం రాదు. మనవడి చేత ఫోన్ తెరిపించి ఆ ఫొటో చూసి, "ఒళ్ళు చేసింది, బాగానే ఉంది" అని నిద్రపోయేది. ఒక శుక్రవారం ఫొటో రాలేదు. ముసలమ్మ పొద్దున్నే నా స్టూడియోకి వచ్చి "ఫోను పాడైందేమో చూడు బాబూ" అంది. ఫోన్ బాగానే ఉంది. (ఆ అమ్మాయికి జ్వరం, అంతే. ఆదివారానికి కుండీల పక్కకి వచ్చేసింది.) ఆ ఫొటో గొప్ప కోసమా? ఒంటరితనంతోనా? బతికే ఉన్నానని వారానికోసారి తల్లికి వేసే సంతకం అది. దాన్ని ఊరంతా కూడా చూస్తుంది, చూస్తే చూడనీ అనుకుంది.

పుస్తకాల్లో ఏముందో రెండు ముక్కల్లో చెబుతాను, ఎక్కువ నమ్మకం పెట్టుకోకండి. హార్వర్డ్‌లో డయానా తామిర్, జేసన్ మిచెల్ అనే ఇద్దరు 2012లో ఒక పరిశోధన ప్రచురించారు. మనం మాట్లాడే మాటల్లో 30 నుంచి 40 శాతం మన అనుభవాలూ మన సంగతుల గురించేనని అందులో మొదలుపెట్టి, మన గురించి మనం చెప్పుకుంటున్నప్పుడు తిండీ డబ్బూ దొరికినప్పుడు కదిలే మెదడు భాగాలే కదులుతాయని చూపించారు. తమ గురించి చెప్పుకునే అవకాశం కోసం రావలసిన డబ్బులో కొంత వదులుకున్నవాళ్ళు కూడా ఉన్నారట. నిజమే కావచ్చు. కానీ అది సరిపోదు. మెదడుకి సుఖమైతే అద్దం ముందు చెప్పుకున్నా సరిపోవాలి, తోటికోడలు చూసిందా లేదా అన్న బెంగ ఎందుకు? జాన్ సూలర్ అనే మనస్తత్వవేత్త 2004లో చెప్పిన మాట నాకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది: తెర అవతల మనిషి మొహం కనబడదు కాబట్టి ఎదురుగా అయితే అనలేనివి, చూపలేనివి అక్కడ వచ్చేస్తాయి. మీ అమ్మగారు ఆ స్కానింగ్ కాగితాన్ని పాలకొల్లు బస్టాండులో నిలబడి వచ్చేపోయేవాళ్ళకి చూపించరు. చూపించినవాళ్ళ మీద నవ్వుతారు కూడా.

మన పెద్దలు తొమ్మిది గుట్టుగా ఉంచుకోమన్నారు: వయసు, డబ్బు, ఇంటి లొసుగు, మంత్రం, మందు, ఆలుమగల సంగతి, దానం, జరిగిన మర్యాద, జరిగిన అవమానం. మొన్న ఒక మధ్యాహ్నం ఖాళీగా ఉండి నా ఫేస్‌బుక్ జరుపుతూ లెక్క పెట్టాను. కేకు మీద "50" అంకెలు, కొత్త కారు తాళం, అన్నదమ్ముల పొలం గొడవ మీద పరోక్షంగా నాలుగు పద్యం లాంటి లైన్లు, ఫలానా గుళ్ళో చేయించిన హోమం, సెలైన్ సీసా, పెళ్ళిరోజు సెల్ఫీ, వృద్ధాశ్రమంలో దుప్పట్ల పంపిణీ, శాలువా, "నన్ను మోసం చేసినవాళ్ళకి" అని మొదలయ్యే ఒక పోస్టు. తొమ్మిదీ దొరికాయి. గంట కూడా పట్టలేదు. ఇంటి గుట్టు లంకకు చేటు అంటాం కానీ, మా లంక గ్రామాల్లో మాత్రం ఎవరింట్లో చేపల పులుసో ఎదురింటికి వాసనతోనే తెలిసిపోతుంది, అక్కడ గుట్టుకి ఎప్పుడూ చోటు లేదు. కాబట్టి పూర్వం అంతా గుట్టుగా ఉండేవారు, ఇప్పుడు చెడిపోయారు అనే వాదనలో నేను లేను.

మారింది ఏమిటంటే వినేవాడు.

ఇదివరకు పెళ్ళి ఆల్బమ్ ఒక్కటే ఉండేది. బీరువాలో ఉండేది, తాళంచెవి అత్తగారి బొడ్లో ఉండేది. ఇంటికి వచ్చిన చుట్టానికి కాఫీ ఇచ్చాక ఆల్బమ్ ఇచ్చేవారు. ఎవరికి ఇవ్వాలో, ఎవరికి "ఇంకా స్టూడియో నుంచి రాలేదు" అని చెప్పాలో ఆవిడకి తెలుసు. ఎవరు ఏ పేజీ దగ్గర ఆగారో కూడా ఎదురుగా కూర్చుని చూసేది. చూసేవాళ్ళు ఆల్బమ్ దగ్గరికి వచ్చేవారు. ఇప్పుడు ఆల్బమే చూసేవాళ్ళ దగ్గరికి పోతోంది, వాళ్ళ దగ్గర్నుంచి ఇంకెక్కడికో పోతోంది. చదివింపుల మైకు పందిరికి పెట్టాం అనుకుంటున్నాం, హారన్ పక్క ఊరు వైపు తిరిగి ఉంది.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్పాలి. ఇందులో నా తప్పు ఉంది.

ఒక పెళ్ళికి వాట్సాప్ కార్డు నేనే చేశాను. ఆహ్వానించువారు తల్లిదండ్రులు, ఇంటిపేరుతో. పెళ్ళికూతురు తాతగారు, నాయనమ్మ. పక్కన మేనమామలు ముగ్గురి పేర్లు, ఒకరి పేరు కింద "మస్కట్" అని. కింద పెళ్ళికూతురు తండ్రి ఫోన్ నంబరు, కల్యాణమండపం మ్యాప్. బాగా వచ్చిందని ఆయన మురిసిపోయి ఫేస్‌బుక్‌లో అందరికీ కనబడేలా పెట్టాడు. పెళ్ళయ్యాక ఫొటోలు నేనే నా స్టూడియో పేజీలో పెట్టాను, నాకూ ప్రచారం కావాలి కదా. అందులో మస్కట్ మేనమామ నల్ల కళ్ళజోడుతో ఒంటరిగా ఉన్న ఫొటో ఒకటి చాలా బాగా కుదిరింది.

పది రోజుల తరవాత పెళ్ళికూతురు తండ్రికి కొత్త నంబరు నుంచి వాట్సాప్ వచ్చింది. బొమ్మ అదే నల్ల కళ్ళజోడు. "బావా, ఎయిర్‌పోర్టులో సామాను ఆపేశారు. నా ఫోన్ వాళ్ళ దగ్గరుంది, ఇది స్నేహితుడిది. 45 వేలు కడితే వదులుతారంట. అక్కకి చెప్పకు, కంగారు పడుతుంది." పెళ్ళి అలసటలో ఉన్న మనిషి. బావమరిది నిజంగానే ఆ వారం తిరుగు ప్రయాణంలో ఉన్నాడు. పంపేశాడు. రెండు గంటల తరవాత భార్యతో అంటే, ఆవిడ తమ్ముడికి మామూలు నంబరుకి ఫోన్ చేసింది. అతను మస్కట్‌లో రూములో అన్నం తింటున్నాడు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చారు, కొంత డబ్బు దారిలో ఆగింది, మిగతాది పోయింది.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. కార్డు మళ్ళీ తెరిచి చూసుకుంటే నాకే సిగ్గేసింది. దొంగ కనిపెట్టింది ఏమీ లేదు. అక్క ఎవరో, బావ ఎవరో, మస్కట్ ఎవరో, ఫోన్ నంబరేదో నేను అందంగా బంగారు అక్షరాలతో రాసిచ్చాను, మొహం కూడా నేనే ఇచ్చాను. అప్పట్నుంచి రెండు కార్డులు చేస్తున్నాను. చేతికిచ్చే అచ్చు కార్డులో అన్నీ ఉంటాయి. ఫోన్లో పెట్టేదాంట్లో వధూవరుల పేర్లు, తేదీ, "వివరాలకు ఫోన్ చేయండి" అని మాత్రమే, నంబరు కూడా ఉండదు. తెలిసినవాళ్ళ దగ్గర నంబరు ఎలాగూ ఉంటుంది. కస్టమర్లు గొడవ చేస్తారు, "ఇంటిపేరు లేకపోతే ఎవరి పెళ్ళనుకుంటారండీ" అని. కొందరు పక్క స్టూడియోకి పోయారు కూడా.

ఇలాంటిదే ఇంకోటి. డౌన్‌లోడ్ చేసిన ఆధార్ పీడీఎఫ్‌కి తాళం ఏమిటి? పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. జిరాక్స్ షాపువాడికి మనం వాట్సాప్‌లో పంపే ఫైలు అదే. కేకు మీద "50" అని అంకె పెడితే సంవత్సరం చెప్పినట్టే. పిల్లల మార్కుల మెమో హాల్ టికెట్ నంబరుతో సహా పెట్టడం, అక్కగారి స్కానింగ్ కాగితం మీద పేరు, వయసు, ఆసుపత్రి పేరు, నెలలు కనబడటం కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఇక్కడ మీ కోపం న్యాయం. ఇంకో కారణం కూడా ఉంది: ఆ కాగితం అమ్మగారిది కాదు, అక్కగారిది. నాన్నగారి గొట్టం ఫొటో నాన్నగారిది. కళ్ళు తెరిచి ఉన్న మనిషిని "పెట్టనా?" అని అడగొచ్చు.

కంపెనీల సంగతి తొందరగా చెప్పేస్తాను, మీరు ఆ రంగంలోనే ఉన్నానన్నారు కాబట్టి నాకంటే మీకే బాగా తెలుసు. 2013లో మిహాల్ కొసిన్‌స్కీ అనే పరిశోధకుడి బృందం 58 వేల మందికి పైగా ఫేస్‌బుక్ లైకులు తీసుకుని, వాటి నుంచే రాజకీయం, మతం, అలవాట్లు చాలావరకు పట్టేయొచ్చని చూపించింది. 2018లో కేంబ్రిడ్జ్ అనలిటికా అనే రాజకీయ ప్రచార సంస్థ గొడవలో 8.7 కోట్ల మంది వివరాలు చేతులు మారి ఉంటాయని ఫేస్‌బుక్కే చెప్పింది. మా ఆవిడకి ఇది చెబితే "నా ముగ్గుల ఫొటోలతో వాళ్ళేం చేసుకుంటారు" అంది. 2006లోనే సూజన్ బార్న్స్ అనే పరిశోధకురాలు రాసింది దీని గురించే: గోప్యత కావాలంటారు, మళ్ళీ అన్నీ వాళ్ళే పెడతారు. నష్టం దూరాన ఉంది, కంటికి కనబడదు. తోటికోడలు పక్క వీధిలోనే ఉంది.

చట్టం ఆదుకుంటుందనుకోకండి. గోప్యత ప్రాథమిక హక్కని పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తులతో 2017 ఆగస్టు 24న చెప్పింది, మంచిదే. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. కానీ మనిషి తన వివరాలు తనే అందరికీ కనబడేలా పెట్టుకుంటే వాటికి ఆ చట్టం వర్తించదని అందులోనే రాసి ఉంది. సోషల్ మీడియాలో రాసుకునేవాళ్ళనే ఉదాహరణగా కూడా ఇచ్చారు. అంటే అమ్మగారు "పబ్లిక్" అని నొక్కిన మరుక్షణం ఆవిడ సొంత వివరాల వరకు అది గొడుగు కింద నుంచి బయటికి వచ్చేసినట్టే.

మరి ఎలా మాన్పించాలి అన్నారు. మాన్పించలేరు, మాన్పించాలని చూడకండి. "పెట్టొద్దు" అంటే మీరు ఆవిడతో "కబురు చెప్పొద్దు, చదివింపులకి పోవద్దు" అన్నట్టు. అక్కడే నాలుగు రోజుల మౌనం వచ్చింది.

ప్రైవసీ అన్న మాట కూడా ఆవిడ దగ్గర వాడకండి. మన ఇళ్ళల్లో ఆ మాటకి అర్థం "నా గదిలోకి రాకు" అని కొడుకు తల్లితో అనడం. దానికి బదులు ఆవిడకి మీకంటే ఎక్కువ తెలిసిన మాట ఒకటుంది: దిష్టి. నవ్వకండి. నేను దిష్టిని నమ్ముతానో లేదో పక్కన పెట్టండి. మూడో నెల దాటేదాకా కడుపు సంగతి బయట చెప్పకూడదని, పసిబిడ్డ మొహం అందరి కంటా పడనివ్వకూడదని, కొత్త ఇంటికి గుమ్మడికాయ కట్టాలని మన ఆడవాళ్ళు ఎప్పటినుంచో పాటిస్తున్నది ఏమిటి? ఏ సంగతి ఎవరి కంట పడొచ్చు, ఎప్పుడు పడొచ్చు అన్న లెక్కే కదా. మా కోడలు పాప ఫొటో పెట్టినప్పుడు మా ఆవిడే పాప మొహం మీద గుండె బొమ్మ అతికించమంది. ఏ సెట్టింగూ ఎవరూ నేర్పలేదు. కాబట్టి "అమ్మా, ఇది పెట్టకు" అనకుండా, "అమ్మా, ఇది ఎవరెవరి కంట పడుతుందో చూశావా?" అని అడగండి. ఫేస్‌బుక్‌లో పోస్టు పక్కన భూగోళం బొమ్మ ఉంటే ఎవరైనా చూడొచ్చని చూపించండి. ఊరూ పేరూ తెలియని వాడొకడు అక్కగారి సీమంతం ఫొటోకి గుండె పెట్టి ఉంటాడు, తప్పకుండా ఉంటాడు, అతని పేరు చూపించి "ఈయన మనకేమవుతాడు?" అని అడగండి. ఇంకేం చెప్పక్కర్లేదు.

తరవాత చేయాల్సినవి చిన్నవి. ఫేస్‌బుక్‌లో "లిమిట్ పాస్ట్ పోస్ట్స్" అని ఒకటుంది, ఒకసారి నొక్కితే పాతవి అందరికీ కనబడేవన్నీ స్నేహితులకే పరిమితమవుతాయి. ఇకమీదట వాటికి కూడా "ఫ్రెండ్స్" అని పెట్టండి. కబుర్లకి ఫేస్‌బుక్ బదులు వాట్సాప్ స్టేటస్ అలవాటు చేయండి, 24 గంటల్లో పోతుంది. స్క్రీన్‌షాట్ తీసేవాడు ఎలాగూ తీస్తాడు, మీకు తెలియను కూడా తెలియదు, అయినా ఫేస్‌బుక్ కంటే నయం. ప్రయాణాల ఫొటోలు ఇంటికి వచ్చాక పెట్టమనండి. "ముందు పెడితే ఎదురు వస్తుంది" అనండి, ఒప్పుకుంటారు. కొత్త నంబరు నుంచి డబ్బు అడిగితే పాత నంబరుకి ఫోన్ చేయకుండా పైసా పంపొద్దని మాత్రం గట్టిగా చెప్పండి. ఆ ఒక్కచోట కేకలేసినా పర్లేదు.

స్టేటస్‌లో "ఓన్లీ షేర్ విత్" అని ఉంటుంది, పేర్లు ఎంచుకోవచ్చు. అది మీరు చేసేయకండి. పండక్కి వెళ్ళినప్పుడు భోజనాలయ్యాక పక్కన కూర్చుని, ఫోన్ ఆవిడ చేతిలోనే ఉంచి, ఒక్కో పేరూ ఆవిడ చేతే నొక్కించండి. ఒక్కో పేరుకీ ఒక కథ చెబుతారు, వినండి. మా ఆవిడతో నాకు రెండు మధ్యాహ్నాలు పట్టింది. 214 నంబర్లలో 61 మిగిలాయి. గ్యాస్ బండ తెచ్చే కుర్రాణ్ణి ఉంచింది. నా సొంత మేనల్లుణ్ణి తీసేసింది. ఎందుకని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.